విండోస్ 10 ఉంచుకోవాలా, 11కి మారాలా? అను, పేజ్‌మేకర్ వాడేవాళ్లు చెప్పండి

తెనాలి_డీటీపీ
మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికలొస్తే పాంప్లెట్లు. రెండు సిస్టమ్‌లున్నాయి.

మొదటిది ఐ5 8400, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, విండోస్ 10 64 బిట్. వాట్సాప్ వెబ్, మెయిల్, ఫొటోషాప్, కోరల్, బ్యాంకు పనులు అన్నీ దీంట్లోనే. రెండోది నాలుగో తరం ఐ3, 4 జీబీ, పాత హార్డ్ డిస్క్, విండోస్ 10 32 బిట్. తెలుగు టైపింగ్‌కి అను స్క్రిప్ట్ మేనేజర్, పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్ 7 దీంట్లో ఉన్నాయి. వీటితో పాటు వెనక పారలల్ పోర్టుకి డాంగిల్ (తాళంచెవిలా పనిచేసే చిన్న పరికరం) తగిలిస్తే తప్ప తెరుచుకోని పాత లేఅవుట్ సాఫ్ట్‌వేర్ ఒకటి. దాన్ని అమ్మినవాళ్లు ఇప్పుడు వ్యాపారంలోనే లేరు. మా పాత ఫైళ్లన్నీ అందులోనే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు అయిపోయిందని స్క్రీన్ నిండా మెసేజ్ వస్తోంది. సర్వీసు అబ్బాయి రెండూ తీసేసి కొత్తవి కొనమంటాడు. పక్క జిరాక్సు షాపాయన ‘ఏమీ కాదు, ఆ మెసేజ్ మూసెయ్’ అంటాడు. మొదటి సిస్టమ్‌లో 11కి ప్రయత్నిస్తే ‘ఈ పీసీకి అర్హత లేదు’ అంటోంది, ఎనిమిదో తరం అయినా సరే. ముహూర్తాల రోజులు, ఒక్క పూట సిస్టమ్ ఆగినా కార్డుల వాళ్లు నెత్తి మీద కూర్చుంటారు. అను వాడుతూ 11కి మారినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పాత_బంగారం
నేను ఇప్పటికీ విండోస్ 7. ఏమీ కాలేదు. జిరాక్సు ఆయన మాటే వినండి.

రిపేరు_రాజా
రెండు సిస్టమ్‌లనీ ఒకే గాటన కట్టకండి. వేటి సంగతి వాటిదే.

మొదటిదానికి 11 నిక్షేపంగా వస్తుంది. ఐ5 8400 మైక్రోసాఫ్ట్ లిస్టులో ఉంది. మీకు అర్హత లేదని వస్తోందంటే నూటికి తొంభై పాళ్లు టీపీఎం అనే సెక్యూరిటీ భాగం ఆఫ్‌లో ఉండి ఉంటుంది. ముందు ‘పీసీ హెల్త్ చెక్’ యాప్ వేసి చూడండి, ఏది లేదో అదే చెబుతుంది. టీపీఎం లేదని చెబితే బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ‘ఇంటెల్ పీటీటీ’ అని ఉన్నదాన్ని ఎనేబుల్ చేయాలి. ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. విడిగా చిప్పు కొనమని ఎవరైనా చెబితే కొనకండి.

రెండోదాన్ని ముట్టుకోకండి. విండోస్ 11లో 32 బిట్ అనేదే లేదు. నాలుగో తరం ప్రాసెసర్ లిస్టులోనూ లేదు. అన్నిటికీ మించి ఆ డాంగిల్ డ్రైవరు 32 బిట్‌ది అయితే 64 బిట్ విండోస్ మీద ఎక్కనే ఎక్కదు. కంపెనీయే లేదన్నారు, కొత్త డ్రైవరు ఎవరు రాస్తారు?

డాలస్_బాబాయ్
సత్య నాదెళ్ల మన హైదరాబాదాయనే కదా, ఓ ఉత్తరం ముక్క రాయమనండి.

కీబోర్డు_కిట్టు
ఉత్తరం అనులో కొట్టి పంపితే, ఆ ఫాంటు లేని ఆయన కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాల గుట్ట కనిపిస్తుంది బాబాయ్.

ప్యాచ్_పంతులు
పాత_బంగారం గారూ, ‘నాకేమీ కాలేదు’ అనేది లెక్కలోకి రాదు. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి, పేపర్లలో వచ్చింది. ఆ రంధ్రం మూసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు, అసలు ప్యాచ్ అందని పాత విండోస్ వాడేవాళ్లు ఇరుక్కున్నారు. ఆ పురుగు ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే నెట్‌వర్క్‌లో ఒకదాన్నుంచి ఒకదానికి పాకింది. మీ విండోస్ 7కి 2020 జనవరి 14తో అప్‌డేట్లు ఆగిపోయాయి.

పాత_బంగారం
నా సిస్టమ్‌కి నెట్టే లేదు పంతులు గారూ. పాకడానికి దారేది?

ప్యాచ్_పంతులు
ఆ ముక్క ముందే చెప్పాలి కదా! నెట్ లేకపోతే సగం గొడవ లేదు. మిగతా సగం పెన్‌డ్రైవ్.

తెనాలి_డీటీపీ
పెన్‌డ్రైవ్ మాటెత్తారు. మా షాపుకి రోజూ కాలేజీ పిల్లలు, పంచాయతీ వాళ్లు, పంతుళ్లు పెన్‌డ్రైవ్‌లు పట్టుకొస్తారు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి ఉంటాయి. రెండు సిస్టమ్‌లకీ పెడతాం మరి.

రిపేరు_రాజా
అక్కడే ఆపాలి. బయటి పెన్‌డ్రైవ్ ఏదైనా మొదటి సిస్టమ్‌లోనే పెట్టండి. స్కాన్ అయ్యాక కావాల్సిన ఫైలు మీ సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి రెండోదానికి తీసుకెళ్లండి. పాత సిస్టమ్‌కి లాన్ వైరు పీకేయండి.

కరీంనగర్_క్లిక్
మాది ఫొటో స్టూడియో. ల్యాప్‌టాప్ ఐ5 7200యూ, ఏడో తరం. లిస్టుల లేదు. అయినా రూఫస్ అనే టూల్‌తో విండోస్ పెన్‌డ్రైవ్ చేసి, టీపీఎం చెకింగ్ తీసేసి 11 వేసిన. మంచిగనే నడుస్తుంది, నెలనెలా అప్‌డేట్లు కూడా వస్తున్నయి. ఈ లిస్టులకు భయపడకుండ్రి.

ప్యాచ్_పంతులు
కరీంనగర్ అన్నా, వస్తున్నంతకాలం వస్తాయి. అర్హత లేని సిస్టమ్‌కి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ రాతపూర్వకంగానే చెప్పింది. ఏటా వచ్చే పెద్ద వెర్షన్ దానంతటది రాదు, ప్రతిసారీ మళ్లీ రూఫస్ పట్టుకోవాలి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ వచ్చినప్పుడు పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ లేని కోర్ 2 డ్యుయో కాలం నాటి మెషీన్లు అసలు బూటే కాలేదు, రూఫస్ కూడా ఏం చేయలేకపోయింది. మీ ఏడో తరానికి ఆ ఇబ్బంది లేదు. రేపు ఇంకోటి పెట్టరని నమ్మకమేంటి?

కరీంనగర్_క్లిక్
రేపటిది రేపు చూస్కుందాం అన్నా. కొత్త ల్యాప్‌టాప్ పైసలు ఎవరిస్తరు? ర్యామ్ ధరలు చూసినవా ఈ మధ్య?

రిపేరు_రాజా
సొంత ల్యాప్‌టాప్ అయితే మీ ఇష్టం. కస్టమర్ సిస్టమ్‌కి మాత్రం నేను ఆ పని చేయను. ఏడాది తర్వాత అప్‌డేట్ ఆగితే నా పీక పట్టుకుంటారు.

మింట్_మావయ్య
ఇంత తలనొప్పి ఎందుకండీ, విండోస్ బదులు లినక్స్ మింట్ వేసుకోండి. పాత ఐ3 మీద ఝామ్మని పరిగెడుతుంది. పైసా ఖర్చు లేదు.

కీబోర్డు_కిట్టు
వచ్చారండీ మావయ్య. ఎవరి సిస్టమ్‌కి జలుబు చేసినా మింటే మందు.

మింట్_మావయ్య
నవ్వండి నవ్వండి. మా అబ్బాయి కాలేజీలో స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లొచ్చి వర్క్‌షాపు పెట్టారు, పిల్లలు ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకున్నారు.

తెనాలి_డీటీపీ
మావయ్యా, మింట్‌లో పేజ్‌మేకర్, అను నడుస్తాయా? డాంగిల్?

మింట్_మావయ్య
వైన్ అని ఒకటుంది, దాంతో కొన్ని విండోస్ ప్రోగ్రాములు తెరుచుకుంటాయి. డాంగిల్ అంటే కష్టమే. మీ పనికి లినక్స్ వద్దులెండి, ఒప్పుకుంటున్నా. ఇంట్లో పిల్లల సిస్టమ్‌కి అయితే చెప్పండి.

ట్యాలీ_తాయారు
మాది ఆడిటర్ ఆఫీసు. మేము 11కి మారి చాలా కాలమైంది. ట్యాలీకి ఏ ఇబ్బందీ లేదు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ మాత్రం పాత సీడీలో ఉన్న డ్రైవరుతో మొరాయించింది, కంపెనీ సైటు నుంచి కొత్తది దించుకుంటే సరిపోయింది. అప్‌గ్రేడ్ కన్నా ముందు మీ ప్రింటర్, స్కానర్ల మోడల్ నంబర్లు రాసుకుని ఒక్కోదానికీ 64 బిట్ డ్రైవరు ఉందో లేదో చూసుకోండి. మా దగ్గర పాత డాట్ మ్యాట్రిక్స్ కూడా బతికే ఉంది, పాత స్కానరే పోయింది.

ఇంకోటి. రైట్ క్లిక్ మెనూ మార్చేశారు, కావాల్సినవన్నీ ‘షో మోర్ ఆప్షన్స్’ కింద దాచారు. మా సీనియర్ గుమస్తా గారు ఇప్పటికీ రోజుకోసారి తిడతారు.

పాత_బంగారం
టాస్క్‌బార్ పక్కకి పెట్టుకునే వీలు కూడా తీసేశారట. ముందుకి పోతున్నామా వెనక్కా?

అను_యాపిల్_అనిత
అసలు అడిగిన ప్రశ్నకి ఎవరూ రాలేదు, నేను చెబుతా. మా ప్రెస్సులో అను 7, పేజ్‌మేకర్ 7 రెండూ విండోస్ 11 మీద నడుస్తున్నాయి. కొన్ని జాగ్రత్తలున్నాయి.

స్క్రిప్ట్ మేనేజర్‌నీ పేజ్‌మేకర్‌నీ రెండింటినీ ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ తోనే తెరవాలి. మా దగ్గర ఒకటి అలా, ఒకటి మామూలుగా తెరిస్తే తెలుగు పడటం లేదు, ఇంగ్లీషు అక్షరాలే వస్తున్నాయి. విండోస్‌లో తెలుగు కీబోర్డు చేర్చి ఉంటే అను కొట్టేటప్పుడు కింద మూలన ఇంగ్లీషు ఉందో లేదో చూడాలి. తెలుగులో ఉంటే అనులోని యాపిల్ కీబోర్డు లేఅవుట్‌కి అలవాటైన వేళ్లు ఒకటి కొడతాయి, తెర మీద ఇంకోటి పడుతుంది.

పేజ్‌మేకర్‌కి ప్రింటర్ గొడవ ఎక్కువ. సెట్టింగ్స్‌లో ‘డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోస్ చూసుకుంటుంది’ అన్నది ఆఫ్ చేయండి. లేకపోతే చివరగా వాడిన ప్రింటర్ డిఫాల్ట్ అయిపోతుంది. పాత ఫైలు తెరిచాక డాక్యుమెంట్ సెటప్‌లో ‘కంపోజ్ టు ప్రింటర్’ దగ్గర ఏముందో చూసుకోండి. ప్రింటర్ మారితే లైన్ విరిగే చోటు మారొచ్చు. శుభలేఖలో వరుడి పేరు ఒక లైన్లో, ఇంటిపేరు ఇంకో లైన్లో పడిందనుకోండి, ప్రూఫులో ఎవరూ గమనించరు, వెయ్యి కార్డులు అచ్చయ్యాక అందరూ గమనిస్తారు.

తెనాలి_డీటీపీ
అనిత గారూ, ఇదే కావాల్సింది. అంటే అను, పేజ్‌మేకర్‌లను మొదటి సిస్టమ్‌కి తెచ్చుకుని, పాతదాన్ని డాంగిల్ ఫైళ్లకే ఉంచుకోవచ్చన్నమాట.

యూనికోడ్_యాదగిరి
ఇంకా ఎన్నాళ్లు అను? పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబీ వాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేసి ఇన్‌డిజైన్ అనే లేఅవుట్ సాఫ్ట్‌వేర్ మీద పడ్డారు. యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో వాడే తెలుగులో కొడితే అదే మ్యాటర్ వాట్సాప్‌లో పెట్టొచ్చు, గూగుల్‌లో వెతకొచ్చు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకుంటే ఒత్తులు సరిగ్గా పడతాయి. ఫాంట్లు లేవంటారా? మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, ఎన్టీఆర్ అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఓఎస్ మార్చే శ్రమ ఎలాగూ పడుతున్నారు, ఇదీ కానిచ్చేయండి.

అను_యాపిల్_అనిత
యాదగిరి గారూ, మీరు చెప్పింది కాదనను. మా దగ్గర పుస్తకాల పని యూనికోడ్‌కి మార్చాం. శుభలేఖలకి వస్తే కస్టమర్ పాత కార్డు చూపించి ‘ఇదే అక్షరం కావాలి’ అంటాడు. అది అను ఫాంటు. మండలిలో చేసి చూపిస్తే ‘ఇది పేపర్లో అక్షరంలా ఉందమ్మా’ అన్నాడొకాయన. పాత ఫైళ్లని కన్వర్టర్‌లో వేస్తే అక్కడక్కడా ఒత్తులు, సున్నాలు తేడా వస్తాయి, మళ్లీ మొత్తం ప్రూఫు చదవాలి. సీజన్లో ఎవరు చదువుతారు?

యూనికోడ్_యాదగిరి
సీజన్ కానప్పుడు చదవండి.

కీబోర్డు_కిట్టు
సీజన్ కానప్పుడు అంటే గుర్తొచ్చింది, మూఢం వచ్చేస్తోంది కదా. పెళ్లిళ్లుండవు. విండోస్‌కి అదే శుభ ముహూర్తం.

తెనాలి_డీటీపీ
😂 మా ఆవిడ కూడా అదే అంది. కొత్త పనులు మూఢంలో మొదలుపెట్టకూడదంటే, ఇది అప్‌గ్రేడ్ కాబట్టి పాతదే అని సర్దుకున్నాం.

డాలస్_బాబాయ్
సరదా పక్కన పెడితే, అప్పటిదాకా ఈఎస్‌యూ (విండోస్ 10కి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం) తీసుకోండి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ‘ఎన్‌రోల్ నౌ’ అని ఉంటుంది. 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. వైజాగ్‌లో మా నాన్న గారి ల్యాప్‌టాప్‌కి ఇక్కణ్నుంచి రిమోట్‌లో అలాగే చేశాను. విండోస్ 10 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి. ఇది ఇళ్లలో వాడే సిస్టమ్‌లకి పెట్టిన పథకం, కంపెనీలకి రేటు వేరే, ఏటేటా రెట్టింపవుతుంది.

పాత_బంగారం
విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌కి అప్‌డేట్లు 2028 దాకా వస్తాయని విన్నాను. మరి ఈఎస్‌యూ ఎందుకు?

ప్యాచ్_పంతులు
డిఫెండర్‌కి వచ్చేది దొంగల ఫొటోల జాబితా. ఈఎస్‌యూ ఇచ్చేది విరిగిన తలుపుకి కొత్త గొళ్లెం. ఫొటోలు ఎన్ని ఉన్నా తలుపు తెరిచే ఉంటే ఏం లాభం?

ట్యాలీ_తాయారు
డాలస్ గారూ, అకౌంటుతో లాగిన్ అంటే గుర్తొచ్చింది. 11ని కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే చాలా సిస్టమ్‌లలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయిపోతోంది. తర్వాత ఎవరైనా బయోస్‌లో ఏదైనా కదిపితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ అకౌంట్ పేజీలో ఉంటుంది. సర్వీసు అబ్బాయి తన మెయిల్‌తో లాగిన్ చేసి వెళ్లిపోతే కీ ఆయన అకౌంటులో ఉంటుంది! మీ సొంత మెయిల్‌తోనే చేయించుకోండి, కీ కాగితం మీద ప్రింటు తీసి బీరువాలో పెట్టండి.

రిపేరు_రాజా
తాయారు గారు చెప్పింది బంగారం. మా దగ్గరికి అలాంటి కేసులు వస్తూనే ఉన్నాయి. కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవడమే.

తెనాలి_డీటీపీ
అప్‌డేట్. బయోస్‌లో పీటీటీ దొరికింది, ఆన్ చేశాను. ఇప్పుడు హెల్త్ చెక్‌లో టీపీఎం పచ్చ టిక్కు. కానీ సెక్యూర్ బూట్ దగ్గర ఎర్ర గుర్తు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ ‘లెగసీ’ అని ఉంది.

రిపేరు_రాజా
అనుకున్నా. మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్‌లలో సగం ఇంతే, పాత అలవాటు కొద్దీ లెగసీలో, అంటే పాత బూటింగ్ పద్ధతిలో వేసేస్తారు. డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంటుంది, జీపీటీ అనే కొత్తదానికి మార్చాలి. విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అని టూల్ ఉంది. ముందు ‘వ్యాలిడేట్’ పెట్టి నడపండి, అది డిస్కుని ముట్టుకోదు, కుదురుతుందో లేదో చెబుతుంది. మార్చాక బయోస్‌లో సీఎస్‌ఎం (పాత పద్ధతి) తీసేసి యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) పెట్టాలి, లేకపోతే బూట్ అవదు. ఏం చేసినా బ్యాకప్ తీశాకే.

తెనాలి_డీటీపీ
వ్యాలిడేషన్ ఫెయిల్ అన్నది.

రిపేరు_రాజా
డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి. సీ తర్వాత డీ, ఈ, ఎఫ్ అని ముక్కలున్నాయా? వాటి చుట్టూ ఆకుపచ్చ గీత ఉందా?

తెనాలి_డీటీపీ
ఉంది. డీ డిజైన్లు, ఈ ఫొటోలు, ఎఫ్ ఫాంట్లు. మూడింటి చుట్టూ పచ్చ గీత.

రిపేరు_రాజా
అది ఎక్స్‌టెండెడ్ పార్టిషన్, లోపలివి లాజికల్. అవి ఉంటే ఆ టూల్ ఒప్పుకోదు. డీ, ఈ, ఎఫ్ మొత్తం బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, తెరిచి చూసుకుని, 11ని క్లీన్‌గా వేసేయండి. మీకు అదే నయం. మీ విండోస్ 10 ఒరిజినల్ అయి యాక్టివేట్ అయి ఉంటే 11 కీ అడగదు, ఆ మదర్‌బోర్డుకే లైసెన్సు కట్టి ఉంటుంది.

పాత_బంగారం
‘ఒరిజినల్ అయి ఉంటే’ 😄

తెనాలి_డీటీపీ
మాది ఒరిజినలే అండీ, బిల్లు కూడా ఉంది!

కరీంనగర్_క్లిక్
పాత ఐ3 సంగతేంది అన్నా? హార్డ్ డిస్క్ ఎన్నేండ్లది?

తెనాలి_డీటీపీ
కొన్నప్పటిదే. ఈ మధ్య ఆన్ చేసినప్పుడు టక్‌టక్ అంటోంది.

రిపేరు_రాజా
అయ్యా! విండోస్ సంగతి తర్వాత, అది ముందు. ఈరోజే చిన్న ఎస్‌ఎస్‌డీ తెచ్చి క్లోన్ చేయించండి. దానికి క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఫైళ్లు కాపీ చేస్తే చాలదు, డాంగిల్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి సీడీ ఉందో లేదో. డిస్కు మొత్తం ఉన్నదున్నట్టు దిగాలి. ఇక్కడ మూఢం, ముహూర్తం చూడకండి.

కరీంనగర్_క్లిక్
పాత బోర్డు కూడా పోతే? పారలల్ పోర్టున్నది ఇంకోటి చూసిపెట్టుకోండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ల అడుగుతే పాత బోర్డులు దొరుకుతయి.

యూనికోడ్_యాదగిరి
బోర్డు కోసం సీటీసీ దాకా వెళ్లే బదులు, ఆ డాంగిల్ ఫైళ్లలో మళ్లీ వాడేవి ఎన్నో చూసి వాటిని పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. మిగతావి ఎవరడుగుతారు?

తెనాలి_డీటీపీ
యాదగిరి గారూ, అడుగుతారండీ. తాత పెళ్లి కార్డు లాంటిదే మనవడికి కావాలంటారు. కానీ పీడీఎఫ్ మాట బాగుంది, మొదలుపెడతా.

తెనాలి_డీటీపీ
మొదటి సిస్టమ్ అయిపోయింది. 11 క్లీన్‌గా వేశాం, అను తెరుచుకుంది, పేజ్‌మేకర్ ప్రింటు ఇచ్చింది. అనిత గారు చెప్పిన డిఫాల్ట్ ప్రింటర్ సెట్టింగ్ లేకపోతే మొదటి రోజే తిప్పలు పడేవాణ్ని. పాతది ఎస్‌ఎస్‌డీ మీదికి దిగింది, లాన్ వైరు పీకేశాను. ఒక్క చిక్కుంది: పంచాయతీ వాళ్ల వర్డ్ ఫైళ్లు ఇప్పుడు వేరే అక్షరంలో కనిపిస్తున్నాయి. గౌతమి అని కొట్టి ఉంది, జాబితాలో గౌతమి లేదు.

యూనికోడ్_యాదగిరి
గౌతమి, వాణి విండోస్‌తో పాటు నేరుగా రావు ఇప్పుడు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ అని వెతికి చేర్చుకోండి. నెట్ ఉండాలి, చిన్న డౌన్‌లోడే.

తెనాలి_డీటీపీ
వచ్చింది. టేబుళ్లు మళ్లీ పేజీలో సరిపోయాయి.

కొత్తగా_కొన్న_కొండయ్య
నాదీ ఇదే ప్రశ్న. రైజెన్ 3 2200జీ. రైజెన్ 2000 నుంచి 11 వస్తుందన్నారు కదా, నాకు రాదంటోందేంటి? ఎఫ్‌టీపీఎం ఆన్‌లోనే ఉంది.

రిపేరు_రాజా
2200జీ, 2400జీ పేరుకే 2000. లోపల మొదటి తరం జెన్ కోర్, అందుకే లిస్టులో లేవు. బోర్డు ఏంటి? బీ450 అయితే బయోస్ అప్‌డేట్ చేసి 3000 సిరీస్ ప్రాసెసర్ సెకండ్ హ్యాండ్‌లో వేసుకోవచ్చు. ముందు ఈఎస్‌యూలో చేరి, బోర్డు పేరు ఇక్కడ రాయండి.